రెండు దేశాలు, ఒక టిక్కు

సోమవారం సాయంత్రం ఐదు లోపల సునీత చేయాల్సిన పనులు ఏడు. పాస్‌పోర్టులు రెండూ జిరాక్స్ తీయించాలి. అమ్మను తెల్ల గుడ్డ ముందర కూర్చోబెట్టి ఫోటో తీయించాలి. బీపీ మాత్రలకు డాక్టరు చీటీ రాయించాలి. అమ్మకు వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనాలి, లేకుంటే హవాయి చెప్పులతోనే విమానం ఎక్కుతానంటుంది. నాలుగు రోజులు గేదెను చూసుకోమని పక్కింటి దానమ్మత్తకు చెప్పాలి. సెలవు చీటీ మీద మేనేజరు సంతకం పెట్టించాలి. చివరిది, ఫారంలో మలేషియా ఎదురుగా టిక్కు పెట్టి, తోడొచ్చే మనిషి వేలిముద్ర వేయించి ఆఫీసులో ఇవ్వాలి.

ఆరు అయిపోయాయి. ఏడోదాని దగ్గర అమ్మ అడ్డం తిరిగింది.

"మలేషియా వద్దు పాపా. నేపాల్ పోదాం," అంది రోశమ్మ. అని, చేటలో కందిపప్పు ఏరుకుంటూ కూర్చుంది.

సునీత పెన్ను మూత పెట్టేసింది. మార్కాపురం బ్రాంచిలో అందరికన్నా ఎక్కువ పాలసీలు చేయించినందుకు ఇన్సూరెన్సు కంపెనీ ఆమెకు, మిగతా బ్రాంచిల వాళ్లతో కలిసి పోయేట్టు, ఇద్దరి టూరు ఇచ్చింది. మలేషియా, నేపాల్, రెండిట్లో ఏదైనా సరే. ఆ టూరు కోసం ఆమె ఏడాది పొడుగునా స్కూటీ మీద పొదిలి ఎండలో, పుల్లలచెరువు దుమ్ములో తిరిగింది. అదంతా ఒక్క ఫోటో కోసం. కౌలాలంపూర్ జంట మేడల ముందర అమ్మను నిలబెట్టి తీసే ఫోటో.

"నెల నుంచి మలేషియానే కదమ్మా అనుకుంటున్నాం. ఇప్పుడేమొచ్చింది?"

"నేపాల్లో పశుపతినాథుడు ఉన్నాడంట."

"అబ్బో! బస్సెక్కితే శ్రీశైలం. ఏనాడన్నా పోయినావా? ఇప్పుడు పశుపతినాథుడు కావాల్సొచ్చినాడా నీకు?"

"పిలుపు రావాల గదా."

"ఆయన నీకు ఫోన్ చేసినాడా?"

మంచం మీద కూర్చున్న సునీత మొగుడు మహేష్ ఫక్కుమన్నాడు. అత్త తనవైపు చూసేసరికి నవ్వు ఆపేసి ఫోన్లో తల దూర్చాడు.

"మలేషియాలో తిండి పడదంట," అంది రోశమ్మ మళ్లీ.

"మనోళ్ల హోటళ్లు బోలెడున్నాయి. ఇడ్లీ దొరుకుతుంది, పప్పు దొరుకుతుంది."

"దూరం పాపా."

"దూరమైతే నడిచి పోతావా? విమానం దేనికైనా ఎక్కాల్సిందే."

"ఆ మేడలు చూసి ఏం జేయాల? నేనేమన్నా మోయాల్నా వాటిని?"

"ముప్పై ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో దుమ్ము తిన్నావు. నన్ను డిగ్రీ దాకా చదివించినావు. నాలుగు రోజులు నువ్వు మహారాణి మాదిరి తిరిగితే చూడాలని ఉండదా నాకు?"

రోశమ్మ పప్పులో రాయి కోసం మరీ వంగి వెతికింది. "నేపాల్లో తిరుగుతాలే మహారాణి మాదిరి."

"మీరన్నా చెప్పండి," అంది సునీత మొగుడితో.

"అత్త నేపాల్ అంటే నేపాలే పోండి. దాందేముంది?" అన్నాడు మహేష్ తలెత్తకుండా.

"మీరూ అట్లనే అంటే ఎట్ల? పాస్‌పోర్టు కోసం దగ్గరుండి ఒంగోలు తీసకపోయినోళ్లు మీరే కదా? నేపాల్‌కైతే ఓటరు కార్డు చాలు. ఆ తిప్పలన్నీ ఎందుకు పడినట్టు?"

మహేష్ లేచి ఫోన్ చార్జింగుకు పెట్టాడు.

గోడ గడియారం నాలుగు కొట్టింది. సునీతకు కోపం కన్నా బాధే ఎక్కువైంది. కూతురు పెట్టే సుఖం కూడా వద్దనే మనిషితో ఎట్ల వేగేది? పెన్ను తీసి మలేషియా ఎదురుగా గట్టిగా టిక్కు కొట్టింది. "అయిపోయింది. ఇంక మాట్లాడొద్దు. వేలిట్లా."

"పాపా, నా మాట విను..."

"వేలిట్లా అమ్మా!"

రోశమ్మ చేట పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని ముందుకు చాపింది. సునీత ఆ బొటనవేలు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద అద్ది, ఫారం మీద ఒత్తి తీసింది.

నీలిరంగు మచ్చ పడింది. ఇంకు ఎక్కువైందేమోనని వేలు తుడిచి, పక్కన ఇంకోసారి ఒత్తింది. మళ్లీ మచ్చే. నున్నగా ఉంది. ఒక్క గీత లేదు.

అమ్మ చేత ఇంతకుముందు ఎన్ని కాగితాల మీద వేలిముద్ర వేయించిందో! ఏనాడూ తేరిపార చూడలేదు. గబగబా చూపుడు వేలు తిప్పి చూసింది. మధ్యవేలు చూసింది.

"పదీ అంతే పాపా," అంది రోశమ్మ నెమ్మదిగా. "పలకలు రుద్దీ రుద్దీ అరిగిపోయినాయి."

"పాస్‌పోర్టాఫీసులో మూడుసార్లు కడిగించి పెట్టించినారు," అన్నాడు మహేష్. "పడలేదు. పాపం, వాళ్లే ఏదో రాసుకుని పంపించినారు. నీకు చెప్తే ఒట్టేనంది అత్త."

"మలేషియాలో దిగంగానే రెండు వేళ్లు మిషను మీద పెట్టమంటారంట గదా," అంది రోశమ్మ. "దానమ్మ అల్లుడు అక్కడే పనిజేస్తాడు, ఆయప్ప చెప్పినాడంట. నావి పడవు. నన్ను పక్కన నిలబెడితే నువ్వూ నిలబడాల. మీ ఆఫీసోళ్లంతా చూస్తా ఉంటారు. నేపాల్లో అయితే వేళ్లు అడగరంట పాపా."

సునీత ఫారాన్ని చించలేదు. నాలుగు మడతలు పెట్టి తన బ్యాగులో దాచుకుంది. ఆఫీసుకు ఫోన్ చేసి, ఇంకో ఫారం తీసి పెట్టమంది.

"ఇదేంది మేడం, మలేషియా అంటిరి గదా?"

"కాదు సార్. నేపాల్."

అ ఆ లు దిద్దిన పలక ఎప్పుడన్నా గుర్తొస్తే, మార్కాపురం రోశమ్మను కూడా ఒక్కసారి తలుచుకోండి. మన గీతలు నిలబడింది ఆమె గీతలు చెరిగిన చోటే.