వంద గ్రాములు

బీమా ఆఫీసులో తూకం ఎక్కేముందు మా అమ్మాయి వీబ్కె స్వెట్టర్ జేబులు నేనే తడిమాను. తిండి మానేసిన మూడేళ్లూ జేబుల్లో గులకరాళ్లు నింపుకుని ఆసుపత్రి తూకాన్ని మోసం చేసిన పిల్ల మరి. ఈసారి జేబులు ఖాళీ. నలభై నాలుగు కిలోల వంద గ్రాములు, అచ్చంగా తనవే.

ఆరు నెలల క్రితం ముప్పై ఏడు. డాక్టరు రాసిచ్చిన గంజాయి చుక్కలు నాలుక కింద వేసుకున్నాకే దానికి ఆకలంటే ఏమిటో తెలిసింది. ఇవాళ పొద్దున అడగకుండానే రెండో బన్నుకి వెన్న రాసుకుంది.

బీమా సంస్థ డాక్టరమ్మ ఫైలు మూసేసింది. "అభినందనలు! నలభై నాలుగు కిలోల హద్దు దాటింది. ఇక ఈ మందు మంజూరు కాదు."

"మందు వేసుకోబట్టే కదా దాటింది! కళ్లజోడుతో కనబడుతోందని కళ్లజోడు లాక్కుంటారా?"

"నామీద అరవకండి. రూలు నేను రాయలేదు."

"ఎవరు రాశారో పిలవండి! బీరు ఎన్ని లీటర్లు తాగినా అడిగేవాడు లేడు. నా కూతురి ఆకలికి మాత్రం గీత గీస్తారా?"

"నాన్నా, పరువు తీయకు," అంది వీబ్కె.

"బరువు తగ్గితే మళ్లీ దరఖాస్తు పెట్టుకోండి," అంది డాక్టరమ్మ.

కారు దగ్గరికి వచ్చేదాకా ఒళ్లు మండుతూనే ఉంది. ఆ మంటలోనే అరిచాను: "ఆ రెండో బన్ను ఎందుకు తిన్నావే పొద్దున?"

వీబ్కె సంచిలోంచి మధ్యాహ్నపు రొట్టె డబ్బా తీసి, మూతైనా తెరవకుండా నా చేతిలో పెట్టింది.