డ్రమ్ము తొడుక్కున్న స్వెటరు

"ఆ డ్రమ్ముకైతే స్వెటరు, నాకైతే జలుబు మాత్రా?" అని దర్జీ ఇల్లదిరేలా తుమ్మాడు.

వసారా మధ్యలో పాత నూనె డ్రమ్ము దర్జాగా నిలబడి ఉంది. శిల్పాలు చేసే అతని భార్య లోపలినుంచి సుత్తితో బాది దానికి బొజ్జ తెప్పించింది. అటూ ఇటూ గొట్టాలు వెల్డింగ్ చేసి చేతులు పెట్టింది. ఇప్పుడు పీట వేసుకుని, ఉన్ని అల్లే సూదులతోనే, సన్నటి ఇనుప తీగతో దానికి స్వెటరు అల్లుతోంది.

"ఇది స్వెటరు కాదండీ, శిల్పం."

"ఏదైతేనేం! నాకొక్కటి అల్లిపెట్టవే అని అడిగి అడిగి నా నోరు నొప్పెట్టింది. కట్టుకున్నవాడికన్నా ఈ తుక్కు డ్రమ్మే నీకు ఎక్కువైపోయింది."

నవ్వుతూనే అన్నాడు గానీ, లోపల నిజంగానే కుళ్లుకుంటున్నాడు. పొద్దున లేస్తే ఆవిడ చూపంతా ఆ డ్రమ్ము మీదే. మొగుడు కాఫీ తాగాడో లేదో కూడా పట్టదు. అందుకే కక్షకొద్దీ మెడలోని టేపు తీసి డ్రమ్మును కొలిచాడు. వంక పెట్టాలంటే అతని తర్వాతే ఎవరైనా.

"ఛాతీకన్నా బొజ్జ పెద్దది! మెడ లేనే లేదు. ఎడమ భుజం చూడు, కిందికి జారిపోయింది. ఇదేం ఆకారమే బాబూ!"

"అది అలాగే ఉండాలండీ" అంది ఆవిడ నవ్వాపుకుంటూ.

"నా సర్వీసులో ఇలాంటి శాల్తీని చూడలేదు. ఈ కొలతలకి సరిపోయే మనిషిని ఒక్కణ్ణి చూపించు, ఇదిగో, ఈ కత్తెర నీకిచ్చేస్తా!" అంటూ జేబులోంచి తీసి ఆడించాడు. పడుకునేటప్పుడు తలగడ కింద పెట్టుకునే కత్తెర అది. పెళ్లాన్నైనా ముట్టుకోనివ్వడు.

"మాట మీద ఉంటారుగా?"

"మాటా గుడ్డా ఒకటే. కత్తిరించాక అతకదు!"

ఆవిడ శిల్పాల ప్రదర్శన రోజు రానే వచ్చింది. హాల్లో ఏసీ చలికి దర్జీ ముక్కు మళ్లీ కారడం మొదలుపెట్టింది. ఇనుప స్వెటరు దీపాల కింద ధగధగలాడుతోంది. చేతులు కట్టుకుని అతను దాని పక్కనే నిలబడ్డాడు. వచ్చినవాళ్లు డ్రమ్మును చూస్తున్నారు, అతన్ని చూస్తున్నారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు.

"ఎందుకురా ఆ నవ్వులు?" అని బామ్మర్దిని అడిగాడు.

"కాస్త పక్కకి జరగండి బావగారూ. ఏది శిల్పమో తేల్చుకోలేక చస్తున్నారు పాపం."

"నేనా? ఆ బానపొట్టకీ నాకూ పోలికా?" అని దర్జీ గయ్యిమన్నాడు. అంతలోనే ఇంకో తుమ్ము.

ఆవిడ గబగబా వచ్చి డ్రమ్ము మూత ఎత్తింది. లోపలినుంచి అచ్చం అలాంటి స్వెటరే తీసింది. ఇది మెత్తటి ఉన్నిది. అతను నోరు తెరిచేలోగా తలమీంచి తొడిగేసింది. బొజ్జ దగ్గర బిగుతు లేదు, మెడ దగ్గర వదులు లేదు. ఏళ్లతరబడి మిషను మీదికి వంగి వంగి జారిన ఎడమ భుజం మీద ముడత కూడా పడలేదు.

"ఊరందరికీ కొలతలు తీస్తారు, మీ కొలత ఏనాడైనా తీసుకున్నారా? మీకు తెలీకుండా అల్లాలంటే, తొడిగి చూసుకోవడానికి నాకో మనిషి కావద్దూ! అందుకే ముందు ఈయన్ని తయారుచేసుకున్నాను" అంది డ్రమ్మును తడుతూ.

దర్జీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. జలుబు మీదికి నెట్టేద్దామని ముక్కు తుడుచుకున్నాడు.

ఆవిడ చెయ్యి చాచింది.

"ఏదీ, నా కత్తెర ఇలా ఇవ్వండి. అంచున దారం వేలాడుతోంది."