సగం రివ్యూ

కొండ మీది పెట్రోలు బంకులో ఎర్ర కారు ట్యాంకు నిండుతుండగా ఒక పెద్దాయన వచ్చి అద్దం మీద తట్టాడు.

"అమ్మాయ్, కిందికేనా?"

స్టీరింగ్ ముందున్నామె కార్ల రివ్యూలు చేస్తుంది. వీడియోలు చూసేవాళ్లు ఆమెను 'టర్బో అక్క' అంటారు. ఆ పేరంటే ఆమెకూ గర్వమే.

"కిందికే బాబాయ్ గారూ. కానీ నా బండెక్కినవాళ్లు దిగేటప్పుడు దేవుణ్ణి తలుచుకుంటారు."

"నేను ఎక్కేటప్పుడే తలుచుకుంటాలే," అంటూ ఆయన వంగి వెనక సీట్లోకి దూరాడు.

ముందు సీట్లో కెమెరా పట్టుకున్న తమ్ముడు నవ్వాపుకున్నాడు.

ఆ కారు, కంపెనీవాళ్లు రివ్యూ కోసం ఇచ్చినది. చూడ్డానికి బొమ్మలా ఉంటుంది గానీ, టర్బో అందుకుందంటే వీపు సీటుకు అతుక్కుపోవాల్సిందే.

"భయమేస్తే చెప్పండి," అందామె.

"నువ్వు నెమ్మదిస్తే చెప్తాను."

ఆ జవాబు ఆమెకు తెగ నచ్చింది. స్పోర్ట్ బటన్ నొక్కింది. సైలెన్సరు చిటపటలాడింది.

సగం కొండ దిగాక పెద్ద మలుపు. ఒకవైపు రాయి, ఇంకోవైపు లోయ. గేరు తగ్గించి, స్టీరింగ్ ఒక్కసారి తిప్పి పట్టుకుంది. కారు కిమ్మనకుండా తిరిగింది.

అద్దంలో చూస్తే పెద్దాయన కళ్లు మూసుకుని ఉన్నాడు.

"తెరవండి, దాటేశాం!" అని నవ్విందామె.

"మధ్యలో స్టీరింగ్ సరిచేసుకోవాల్సి వచ్చిందా అమ్మా?"

"ఊహూ. ఒక్కసారి తిప్పానంతే. జిగురు రాసినట్టు అంటుకుపోయింది!"

"అంటుకుపోయిందా!" ఆయన మొహం వెలిగిపోయింది. "నీకు ఇబ్బంది లేకపోతే... ఇంకోసారి వెళ్దామా?"

కారు వెనక్కి తిప్పి, పైకెళ్లి, మళ్లీ అదే మలుపు. ఈసారి ఆయన పైనున్న పిడి కూడా పట్టుకోలేదు.

"నిజం చెప్పండి, మీరు ఒకప్పుడు రేసులు నడిపారు కదూ?"

"నాకు స్కూటరు తప్ప ఏదీ రాదమ్మా."

కింద దిగాక తమ్ముడు కెమెరా ఆయనవైపు తిప్పాడు.

"కారెలా ఉందో రెండు ముక్కలు చెప్పండి సార్."

"కారా? బాగుంది. సీటే కాస్త గట్టిది."

అంతే చెప్పి, చేతులు వెనక్కి కట్టుకుని బస్టాపు వైపు వెళ్లిపోయాడు.

"అక్కా, ఈయన ముక్క ఉంచనా, కోసేయనా?"

"కోసేయ్. మన కారు గురించి ఏం చెప్పాడని!"

వీడియోకు 'మలుపుల మహారాణి' అని పేరు పెట్టారు. అది ఊరంతా చూసింది. పొగిడి ఊరుకోవడం ఆమె పద్ధతి కాదు. అదే కారు, అదే రంగు, సొంతానికి కొనేసింది. రోజూ పొద్దున్న అది స్టార్టయిన చప్పుడు వింటే చాలు, ఆమెకు కాఫీ అక్కర్లేదు.

వానలు పడ్డాక అక్కాతమ్ముళ్లు ఇంకో కొండకు వెళ్లారు. అలాంటిదే మలుపు. అంతే వేగం. అదే ధీమా.

స్టీరింగ్ తిప్పింది. కారు ముక్కు తిరగలేదు. నేరుగా లోయవైపు జారింది.

పిట్టగోడ ఆపింది. బంపరు పగిలింది. కెమెరా ఎగిరి వెనక సీట్లో పడింది.

తమ్ముడు వెనక్కి వంగి కెమెరా అందుకున్నాడు.

"జిగురు అయిపోయిందా అక్కా?" అన్నాడు. నవ్వుదామనుకున్నాడు గానీ గొంతు వణికింది.

ఆ వణుకు ఆమెకు బంపరు కంటే ఎక్కువ తగిలింది.

మెకానిక్ కారు పైకెత్తించి చూశాడు. టైర్లు, బ్రేకులు, అన్నీ లక్షణంగా ఉన్నాయి.

"బండి తప్పేం లేదు మేడమ్."

బంపరు మార్పించుకున్న వెంటనే, ఆ వానల్లోనే, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మొదటి కొండకు వెళ్లింది. ఈసారి మెల్లగా వెళ్లి, ఆ మలుపులో కారు ఆపి దిగింది. గొడుగు కూడా వేసుకోకుండా రోడ్డు వైపే చూస్తూ నిలబడింది.

వాన నీరు లోయవైపు పోవడం లేదు. కొండవైపు వస్తోంది.

"రోడ్డే లోపలికి వాలి ఉందిరా! బయటి అంచు ఎత్తు. మనల్ని లోయలోకి పోనీకుండా ఇదే పట్టుకుంది. ఆ రెండో కొండ మీద వాలు లోయవైపు ఉండి ఉంటుంది, అందుకే జారాం."

"మరి మన మహారాణి?"

"మహారాణే. కాదని ఎవడన్నాడు? కానీ నేను సగమే చెప్పాను. మిగతా సగం ఇవాళే చెప్తా, ఇక్కడే, నా మొహం మీద వాన పడుతుండగానే. పద, ఆ బాబాయ్ గారిని కూడా ఎక్కించుకుందాం. ఆయనకీ మలుపంటే సరదా. ఈసారి ఆయన ముక్క కోసేదే లేదు."

తడిసిన జుట్టు ముడేసుకుంటూ బంకు ముందు కారు ఆపింది. పెట్రోలు కొట్టే ఆవిడ వెంటనే గుర్తుపట్టింది.

"అప్పుడు మాతో కిందికొచ్చారే, పెద్దాయన, ఈ మధ్య వస్తున్నారా అండీ?"

"ఆయనా? వానలు రాకముందే పోయారమ్మా. వారం వారం వచ్చేవారు. ఎవరి బండో ఒకటి ఎక్కి కిందిదాకా వెళ్లేవారు. మీ బండెక్కిన తర్వాతి వారం నా దగ్గర కూర్చుని ఒకటే చెప్పుకున్నారు, ఆ అమ్మాయి మలుపుని భలే మెచ్చుకుందీ అని."

"నేను మెచ్చుకుంది కారునండీ," అందామె మెల్లగా. "అసలు ఆయనకు ఆ మలుపంటే ఎందుకంత ఇది?"

ఆవిడ పెట్రోలు పైపు తగిలించి, చేతులు తుడుచుకుంది.

"బాగానే ఉన్న ఆ మలుపుని తవ్వించి మళ్లీ వేయించాడని ఉద్యోగం తీసేశారే, ఆ ఇంజనీరు ఆయనే కదమ్మా."