తొమ్మిది రేకుల హీటర్

"గది హీటరా? బొబ్బిల్లో అదెవరు కొంటారు సార్, అరకు లాడ్జీలోళ్లు తప్ప?"

కొట్టాయన నవ్వాడు. ధనరాజ్‌కి నవ్వు రాలేదు.

ఇంట్లో కిలోన్నర తూగే కూతురుంది మరి. నెలలు నిండకుండా పుట్టి, విజయనగరం ఆసుపత్రిలో పదిహేను రోజులు అద్దాల పెట్టెలో ఉండి, నిన్ననే ఇల్లు చేరింది. బయట డిసెంబరు చలి.

"ఎర్ర తీగది చవక గానీ కరెంటు మింగీస్తాది. గదిలో గాలి ఎండిపోతాది" అన్నాడు కొట్టాయన. "నూనె నింపింది, తొమ్మిది రేకులది తీసుకోండి. గది వెచ్చబడితే దానంతటదే ఆగిపోతాది. కరెంటు ఆదా, పాపకి మంచిది. ఏదైనా విశాఖ నించే రావాల. పదిరోజులు పడతాది."

"అందాకా ఎలాగ?"

ఆ మాటకి జవాబు ఆసుపత్రి నర్సు ముందే చెప్పింది. పాపని రొమ్ము మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టుకోమంది. చలి తగిలితే దక్కదనీ చెప్పింది. కానీ భార్య సింధుకి కుట్లు చీము పట్టి ఒళ్లు కాలిపోతోంది. ధనరాజ్ తల్లి లక్ష్మణమ్మకి ఆయాసం.

"నాను ఎట్టుకుంటానమ్మా" అన్నాడు ధనరాజ్ ఇంటికొచ్చి.

"మగోడివి, పురిటిగుంటని రొమ్ముకి కట్టుకుంటావేటి? ఊరు నవ్వీగల్దు."

ఆ ఇంట్లో లక్ష్మణమ్మ మాటంటే రాతి మీద గీత. ధనరాజ్ పాప పాదాలు ముట్టుకున్నాడు. చల్లగా తగిలాయి.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. పాతికేళ్లుంటాయేమో, వాడిన మొహం, చేతిలో చిన్న సంచి.

"నర్సమ్మ పంపినాదండి. పాపని ఎట్టుకోడానికి. నా పేరు ఈశ్వరి."

లక్ష్మణమ్మ ఎగాదిగా చూసింది. "పిల్లల తల్లివేనా? గొడ్రాళ్లనీ, బిడ్డ పోయినోళ్లనీ మేం పురిటి గదిలోకి రానివ్వం."

"ఒక గుంట ఉన్నాదమ్మా."

"మరి దాన్నెవరు సూస్తారు?"

"మాయమ్మ సూస్తాది."

"అలగైతే కాళ్లు కడుక్కుని రా."

ఈశ్వరి గోడకి చేరగిలబడి కూర్చుంది. పాపని రవికెలోకి దోపుకుని, పైన చీర కప్పుకుంది. గంట తిరక్కుండా పాప పాదాలు వెచ్చబడ్డాయి. మంచం మీంచి చూస్తున్న సింధు గొల్లున ఏడ్చేసింది.

పదకొండు రోజులు ఆ మనిషి ఆ గోడ వదల్లేదు. అన్నం కూర్చున్నచోటే. కునుకూ కూర్చున్నచోటే. 

"కూలి కోసం కన్నగుంటనొదిలీసి ఇన్నాళ్లుంటాదా? ఏం తల్లో" అనేది లక్ష్మణమ్మ, వినబడేట్టే.

ఈశ్వరి తల వంచుకుని పాప టోపీ సర్దేది, అంతే.

పదకొండో రోజు హీటర్ వచ్చింది. ధనరాజ్ స్విచ్చి వేశాడు. గది నిమ్మళంగా వెచ్చబడింది. చెప్పినట్టే, కాసేపటికి దానంతటదే ఆగింది.

"ఇంక పాపని దించీ అమ్మా" అంది లక్ష్మణమ్మ.

"ఇంకొక్క పూట ఉంటానమ్మా."

"దేనికి? అలవాటైపోతే నువ్వూ ఒదల్లేవు, అదీ ఒదల్దు."

ఈశ్వరి పాపని మంచం మీద పడుకోబెట్టింది. ధనరాజ్ డబ్బులిస్తే తీసుకోలేదు. లక్ష్మణమ్మ చీర పెడితే అదీ తీసుకోలేదు.

"బెట్టు సూడు దీనికి" అంది లక్ష్మణమ్మ, ఆమె వీధి మలుపు తిరగ్గానే.

వారం తర్వాత ఈశ్వరి మళ్లీ వచ్చింది. గేటు బయటే ఆగింది.

"బాబూ, ఒక్కసారి ఎత్తుకుని ఇచ్చేస్తాను."

ధనరాజ్ లోపలికి చూశాడు. తల్లి అడ్డంగా తలూపింది.

"పాప నిద్రపోతంది" అన్నాడు. లోపల పాప మేలుకునే ఉంది.

"సరే బాబూ. నిద్దర్లేపకండి."

చాలాసేపు అక్కడే నిలబడింది. వెళ్లేటప్పుడు వెనక్కి చూడలేదు.

నెల తిరిగాక పాపని ఆసుపత్రికి తీసుకెళ్లారు. నర్సు తూకం చూసి మురిసిపోయింది.

"రెండుంపావు కిలోలు! గండం గడిచినట్టే. తల్లికి జ్వరం కదా, ఎవరు పెట్టుకున్నారు?"

"ఎవరేటి? నువ్వు పంపిన మనిషే" అంది లక్ష్మణమ్మ.

"నేనెవర్నీ పంపలేదు మామ్మగారూ."

"అదే, ఈశ్వరి."

నర్సు చెయ్యి పాప మీదే ఆగిపోయింది.

"మీది ఏ ఊరని ఆమె నన్నడిగిన మాట నిజమే. ఊరికే అడిగిందనుకుని చెప్పాను. మీ ఇంటికొచ్చిందా?"

"పదకొండు రోజులుంది" అన్నాడు ధనరాజ్. "ఎక్కడుంటాది? కనబడితే చీరా అదీ పెడదామని..."

"మొన్న విజయనగరంలో రైలెక్కేశారు మొగుడూ పెళ్లాం. చెన్నై, ఇళ్లు కట్టే పనికి. ఎక్కేముందు ఇక్కడికొచ్చి, మీ పాప ఎంత తూగిందో తెలుసా అనడిగింది."

"మా పాప తూకం దానికెందుకు?" అంది లక్ష్మణమ్మ. "దాని గుంటని అది సూసుకోక."

నర్సు ఆవిడ వంక చూడలేకపోయింది. పాపని మెల్లగా ఎత్తి ధనరాజ్ రొమ్ముకి ఆనించింది.

"మీరు ఈ పాపని ఇంటికి తీసుకెళ్లిన రోజు పొద్దున్నే, పక్క పెట్టెలో ఈశ్వరి పాప పోయింది బాబూ."