రేకుల షెడ్డులో సొప్రానో

“బాబోయ్! ఎవరన్నా రండి! కాలు విరిగింది!” అని రోవీనా మూడోసారి అరిచింది.

వీధి అవతల స్టావ్రూలా ధడాలున కిటికీ మూసేసింది. నలభై రెండు డిగ్రీల ఎండ. అయినా మూసేసి, వాకిట్లోకి వచ్చింది.

“ఇవాళ మాటలు కూడా కలిపింది మహాతల్లి,” అంది, ఉత్తరాలిస్తున్న డారెన్‌తో.

“కొత్త పాటేమో ఆంటీ. కాలు విరిగిందట! పోయిన నెల పిల్లిని తొక్కినట్టు అరిచింది. దానికంటే ఇదే నయం, అర్థమన్నా అవుతోంది.”

“స్టావ్రూలా! స్టావ్రూలా!” అని మళ్ళీ కేక.

“చూశావా, నా పేరు కూడా పాటలో పెట్టింది సిగ్గులేని మనిషి!”

ఇద్దరూ పడీపడీ నవ్వారు. డారెన్ బండెక్కి, పద్నాలుగో నంబరు గేటు ముందు ఆగి, అక్కడి బోర్డుకో సెల్యూట్ కొట్టి పోయాడు.

ఆ బోర్డు రోవీనాయే పెట్టింది. ఇరుగుపొరుగు మూడుసార్లు పోలీసులను పిలిచాక ఒళ్ళు మండి, ఎర్ర అక్షరాలతో రాయించింది: “ఇక్కడ వినిపించే అరుపులు సంగీతం. తెలియనివాళ్ళు చెవులు మూసుకోండి. పోలీసులను పిలవొద్దు.”

పోర్ట్ అడిలైడ్‌లో ఆ వీధికి ఆమె అంటే వెక్కిరింత. ఆమెకు ఆ వీధంటే రోత. యూరప్‌లో పదకొండు ఊళ్ళలో పాడి వచ్చిన సొప్రానో, అంటే పై స్థాయి గాయని మరి! పాత పాటలు ముట్టుకోదు. సిరా ఆరని కొత్త పాటలే పాడుతుంది. వాటిలో బుసలు, కీచులు, వెక్కిళ్ళు, కోడికూతలు అన్నీ కాగితం మీద రాసి ఉంటాయి. వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఆమె గొంతెత్తితే చెట్ల మీది కాకటూ పిట్టలు సిగ్గుపడి పక్క పేటకు వలసపోయాయి. స్టావ్రూలా ఇంట్లో పాలు విరిగిపోయాయి. అబద్ధమైతే చెప్పండి, ఆ పాలతో చేసిన చీజు వీధంతా తిన్నాం.

పెరట్లోని రేకుల షెడ్డే ఆమె సాధన గది. లోపల ఒక పాత పియానో, ఒక ఇనప బీరువా నిండా పాటల కాగితాలు. షెడ్డు వెనక గోడ పక్కింటి క్లారీ పెరట్లోకి ఉంటుంది.

అందరిలోకీ పెద్ద శత్రువు ఆ క్లారీ. నలభై ఏళ్ళు బస్సు డిపోలో ఇంజన్లు విప్పిన ముసలోడు. వాకిట్లో కూర్చుని, దారిన పోయే కారును చూడకుండానే, “ఒరేయ్, రెండో సిలిండరు కొట్టుకుంటోంది, చూపించుకో,” అని కేకేసే రకం. రోవీనా ముందు పియానో మెట్టు నొక్కుతుంది, ఆ స్వరం పట్టుకుని పైకి ఎగబాకుతుంది. అంతలో ధన్! రేకు మీద క్లారీ బూటు.

“ఏయ్ కాకటూ! మళ్ళీ అదేనా!”

“నోర్ముయ్ ముసలోడా! గ్రీజు పట్టిన చెవులకి సంగీతమేం తెలుసు?”

రోవీనా మొండిది. ధన్ అన్నచోటే కావాలని మళ్ళీ పాడేది. ధన్! మళ్ళీ పాడేది. ఇరవైసార్లు, ముప్పైసార్లు, అతను విసిగి ఊరుకునేదాకా వదిలేది కాదు. ఊరుకోగానే “అదీ! చచ్చావా!” అని నవ్వుకుని తర్వాతి వరసకు పోయేది. తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ ఓడలేదు.

ఈ శనివారం సంగీతోత్సవంలో పాడబోయే కొత్త పాటకైతే మూడు నెలలు యుద్ధం నడిచింది. అందులో పెద్ద అరుపు ఒకటుంది. దాని తర్వాత పదకొండు లెక్కపెట్టే మౌనం, ఆపైన చిటికెడు వెక్కిలి. అక్కడే బూటు మోగిపోయేది. పోయిన వారం నుంచీ చప్పుడే లేదు. పీడ విరగడైంది, లొంగిపోయాడు అనుకుంది రోవీనా.

ఇవాళ ఆ పాట కాగితాలు లాగబోతే బీరువా మీద పడింది. కాలు కింద ఇరుక్కుంది. ఫోను ఇంట్లో ఉంది. రేకులు పెనంలా కాలుతున్నాయి. గంట దాటింది, నాలుక పిడచగట్టింది. ఇంకో గంట ఇలాగే ఉంటే శనివారం దాకా ఎందుకు, సాయంత్రం కూడా చూడదు. వీధిలో అందరి పేర్లూ పిలిచింది. క్లారీ పేరు మాత్రం పిలవలేదు. చచ్చినా పిలవదు.

చివరికి మాటలు రావడం మానేశాయి. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని ఒక్క అరుపు అరిచింది. ఆగి, మళ్ళీ అరిచింది.

వెనక గేటు కిర్రుమంది. క్లబ్బు నుంచి క్లారీ వచ్చినట్టున్నాడు.

ధన్!

‘చచ్చేముందు కూడా వీడి బూటేనా,’ అనుకుంది.

ధన్! ధన్! ఈసారి ఆగలేదు. రేకు వంగింది, చీలింది, గోడ ఊడి లోపలికి పడింది. ఆ కంతలో గునపంతో క్లారీ.

నీళ్ళ సీసా అందించాడు. సగం తాగి, సగం నెత్తిన పోసుకుని, రోవీనా అతన్ని ఎగాదిగా చూసింది.

“బోర్డు చదవలేదా?”

“చదివాను. వీధంతా చదివే ఇళ్ళలో చల్లగా కూర్చుంది.”

“అందరూ పాటే అనుకున్నారు. నీకెలా తెలిసింది?”

“పాటా?” క్లారీ వెటకారంగా నవ్వాడు. “ముందు పియానో మోగకుండా నువ్వెప్పుడు నోరెత్తావ్? అరుపు తర్వాత పదకొండు లెక్కేది? వెక్కిలేది?”

రోవీనా సీసా పక్కన పెట్టింది.

“అదంతా... నీకు తెలుసా? మరి తొమ్మిదేళ్ళుగా గోడ ఎందుకు తన్నావు?”

క్లారీ గునపాన్ని బీరువా కిందికి దూర్చాడు.

“తప్పు పాడినచోటే తన్నానమ్మాయ్.”