ఫ్రాంక్లిన్ కోసం ఉపవాస ప్రార్థన

శనివారం మధ్యాహ్నం మయన్మార్ నగరం యాంగోన్‌లోని ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్ అక్కడి ఒక కాలేజీ జట్టు నుంచి గోల్‌కీపర్ ఫ్రాంక్లిన్‌ను ఎంపిక చేసుకుంది.

ఆ నగరంలోనే తాకేటా పేటలో ఉన్న తెలుగు చర్చిలో అందరూ ఆ కాలేజీ జట్టు అభిమానులే. తమ ఆటగాణ్ణి క్లబ్ తీసుకుంటే, అతనికి మైదానంలో చోటు దొరకాలని సంఘమంతా ఒక పూట పస్తుండి ప్రార్థించడం ఆనవాయితీ.

"ఈసారి నడిపించే వంతు నీదే, ఆలిసక్కా," అన్నాడు సంఘపెద్ద.

"ఏటి అడగమంటావు?"

"క్లబ్బులో ఇప్పుడున్న కీపరు ఆట మాని బెంచీ ఎక్కి, మన ఫ్రాంక్లిన్ దిగాలని."

"ఇప్పుడున్నోడు నా కొడుకు కదరా!"

"రెండేళ్ల కిందట ఆడికీ ఇలాగే అడిగాం. అప్పుడు బెంచీ ఎక్కినోడి అమ్మ గురించి ఆలోచించావేటి?"

ఆదివారం ఉదయం ఆలిస్ ప్రార్థన నడిపిస్తుంది. ఆనవాయితీ ప్రకారం ఆమె కొడుకు కూడా పస్తుంటాడు. సాయంత్రం అతనికి మ్యాచ్ ఉంది.