స్పీకరు వైరు

ఇన్సాఫ్ ఇక ఓర్చుకోలేక స్పీకరు వైరు పీకేసింది.

భర్త బహీగ్ తన పాత రికార్డుల్లోని నాలుగు వేల పాటలూ కంప్యూటరులోకి ఎక్కించుకున్నాడు. మూడు నెలలుగా రోజూ సాయంత్రపు అసర్ నమాజు కాగానే, అలెగ్జాండ్రియాలోని ఆ రెండు గదుల ఇంట్లో కిటికీ అద్దాలు అదిరిపోయేలా పెడుతున్నాడు.

పోట్లాటకు సిద్ధపడి ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. బహీగ్ మాత్రం తెర మీద కదిలే గీతనే చూస్తూ, తొడ మీద తాళం వేస్తూనే ఉన్నాడు.

ఆమె చేతులు దించేసింది. ఎదురుగా వెళ్ళి కూర్చుంది.

"పాట ఎలా ఉంది?"

ఆమె పెదవుల వంక చూసి, "తేనె అనుకో!" అన్నాడు.

ఇన్సాఫ్ చేతిలోని వైరు చూపించింది. అతను తల దించుకున్నాడు.

"చలికాలం నుంచే ఏమీ వినబడటం లేదే. చెబితే బెంగపడతావని దాచాను. ఇల్లు మూగబోతే నీకు తోచదు కదా, అందుకే పెడుతున్నాను."

ఆమె లేచి వైరు మళ్ళీ తగిలించింది. పాట ఒక్కసారిగా ఇల్లంతా మోగింది.

"అబ్బ, కాస్త తగ్గించండి," అంది అలవాటు కొద్దీ.

ఆ మాట ఆమె ఒక్కతే వింది.